చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లు గూగుల్‌లో కనిపించాలంటే: నల్గొండ, పాలమూరు వ్యాపారులు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు షాపు గానీ, సర్వీసు గానీ, చిన్న ఆన్‌లైన్ అమ్మకం గానీ నడిపేవాళ్ల కోసం ఈ పేజీ. ఇక్కడ చెప్పిన పనుల్లో చాలావాటికి పైసా ఖర్చు లేదు, టైమే కావాలి.

గూగుల్ మ్యాప్స్‌లో మా షాపు ఉంది. ఇంక వెబ్‌సైట్ ఎందుకు?

చుట్టుపక్కల పది కిలోమీటర్ల కస్టమర్లే మీ వ్యాపారమైతే ముందు మ్యాప్స్‌లోని బిజినెస్ ప్రొఫైలే ముఖ్యం. కిరాణా, సెలూన్, టిఫిన్ సెంటర్ లాంటివాటికి చాలావరకు అది సరిపోతుంది. కొనేముందు నాలుగు ప్రశ్నలు అడిగే వ్యాపారాలకు మాత్రం సైట్ కావాలి. బోర్‌వెల్, మోటర్ వైండింగ్, టెంట్ హౌస్, ఫంక్షన్ హాల్, ఆర్వో ప్లాంట్ సర్వీసు, కోచింగ్ సెంటర్, చేనేత చీరలు ఈ రకంలోకి వస్తాయి. ప్రొఫైల్ వివరణలో 750 అక్షరాలకు మించి పట్టవు. ఆ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పడానికి ఆ చోటు చాలదు.

గూగుల్ ఉచితంగా ఇచ్చిన బిజినెస్ సైట్లు 2024 మార్చిలో మూతపడ్డాయి. మీ విజిటింగ్ కార్డు మీదో ఫ్లెక్సీ మీదో ఇంకా ఆ పాత అడ్రసే ఉంటే మార్పించండి. అది ఇప్పుడు పనిచేయదు.

ప్రొఫైల్‌లో ఏం నింపితే తేడా కనిపిస్తుంది?

అన్నిటికంటే ముఖ్యమైనది ప్రధాన కేటగిరీ. ఒకటి ప్రధానంగా, ఇంకో తొమ్మిది వరకు అదనంగా పెట్టుకోవచ్చు. మోటర్లు రిపేరు చేసే షాపు ‘హార్డ్‌వేర్ స్టోర్’ అని పెట్టుకుంటే ‘మోటర్ రిపేర్’ అని వెతికినవాళ్లకు కనిపించడం కష్టం. మీ ఆదాయంలో ఎక్కువ భాగం ఏ పని మీద వస్తుందో ఆ కేటగిరీనే ప్రధానంగా పెట్టండి. అమ్మని వాటికి కేటగిరీలు చేర్చొద్దు.

షాపు పేరు బోర్డు మీద ఎట్లా ఉందో అట్లానే రాయాలి. ‘శ్రీ లక్ష్మీ ఎలక్ట్రికల్స్ బెస్ట్ మోటర్ వైండింగ్ ఇన్ నల్గొండ’ అని సాగదీస్తే కొన్నాళ్లు లాభం కనిపించొచ్చు గానీ, ఎవరైనా ఫిర్యాదు చేస్తే ప్రొఫైల్ సస్పెండ్ అవ్వొచ్చు. అప్పీలు పెట్టుకుని తిరిగి తెచ్చుకునేదాకా మ్యాప్స్ నుంచి వచ్చే ఫోన్లు ఆగిపోతాయి. సీజన్ మధ్యలో ఇట్లా జరిగితే ఆ నష్టం పూడదు.

పిన్ సరిగ్గా మీ షట్టర్ ముందు పడిందో లేదో జూమ్ చేసి చూడండి. ఇంటి నంబర్లు సరిగా లేని ఊళ్లలో పిన్ వీధి అవతలో, ఊరి మధ్యలోనో పడుతుంది. ప్రొఫైల్‌లో అడ్రసు ఎడిట్ చేసేచోట పిన్‌ను చేత్తో జరపొచ్చు. దసరా, దీపావళి, ఉగాది రోజుల టైమింగులను ‘స్పెషల్ అవర్స్’లో ముందే పెట్టండి. ‘తెరిచే ఉంది’ అని చూసి వచ్చినవాళ్లకు తాళం కనిపిస్తే ఒక స్టార్ రివ్యూ ఖాయం.

ఫొటోలు 720 పిక్సెళ్ల వెడల్పు, అంతే ఎత్తు ఉంటే మంచిది, 5 ఎంబీ దాటకూడదు. నెట్ నుంచి తెచ్చిన బొమ్మలు వద్దు. రోడ్డు మీది నుంచి బోర్డు కనిపించేది ఒకటి, లోపలిది ఒకటి, పని జరుగుతున్నది ఒకటి చాలు.

వెరిఫికేషన్ వీడియో పంపితే తిరస్కరించారు. ఎందుకు?

షాపు మీదేనని గూగుల్‌కు రుజువు చూపడానికి పంపే వీడియో ఇది. తిరస్కరించడానికి ఎక్కువసార్లు కారణం ఒకటే: వీడియోలో మూడు విషయాలూ పడలేదు. ఒకటి, షాపు ఏ వీధిలో ఉందో తెలిసేలా చుట్టుపక్కల బోర్డులు. రెండు, వ్యాపారం నిజంగా ఉందని చూపే బోర్డు, సామాను, యంత్రాలు. మూడు, ఆ షాపు మీదేనని చూపే పని, అంటే మీరే షట్టర్ తాళం తీయడమో, క్యాష్ కౌంటర్ తెరవడమో. వీడియో ఆపకుండా, కత్తిరించకుండా కనీసం 30 సెకన్లు తీయాలి. మనుషుల ముఖాలు, బ్యాంకు కాగితాలు పడకుండా చూసుకోండి. బోర్డు లేకపోతే ముందు బోర్డు పెట్టించి తర్వాత వీడియో తీయండి.

కస్టమర్ ఇంటికో పొలానికో వెళ్లి పనిచేసేవాళ్లు, షాపంటూ లేనివాళ్లు, అడ్రసు దాచి ‘సర్వీస్ ఏరియా’ పెట్టుకోవాలి. 20 ఏరియాల వరకు చేర్చొచ్చు. చేర్చినంత మాత్రాన ఆ ఊళ్లన్నిటిలో పైకి రారు, ఎక్కడిదాకా వస్తారో కస్టమర్‌కు తెలుస్తుంది, అంతే.

నా ఫోన్‌లో మా షాపే మొదట వస్తుంది. కస్టమర్లు మాత్రం కనిపించట్లేదంటున్నారు.

మీరు షాపులో కూర్చుని వెతుకుతున్నారు. మ్యాప్స్ ఫలితాల్లో గూగుల్ చూసేవి మూడు: వెతికిన మాటకు మీ వ్యాపారం ఎంత సరిపోతుంది, వెతికిన మనిషికి ఎంత దూరంలో ఉంది, ఆ వ్యాపారానికి ఎంత పేరుంది. మీ కౌంటర్ దగ్గర దూరం సున్నా. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర వెతికితే వచ్చే జాబితా వేరు, నార్కట్‌పల్లిలో వెతికితే వచ్చేది వేరు. కాబట్టి సొంత ఫోన్‌లో చూసి సంతోషపడొద్దు, దిగులూ పడొద్దు. సెర్చ్ కన్సోల్ (గూగుల్‌లో మీ సైట్ ఎన్నిసార్లు కనిపించిందో, ఎంతమంది నొక్కారో చూపే గూగుల్ టూల్) అంకెలు, ప్రొఫైల్‌లో కనిపించే కాల్స్ లెక్క, రూట్ అడిగినవాళ్ల లెక్క చూడండి.

జిల్లాలు మారాక అడ్రసు ఒక్కోచోట ఒక్కోలా ఉంది. దానివల్ల నష్టముందా?

ఉంది. మన వైపు ఈ తిప్పలు ఎక్కువ. 2016 అక్టోబరు 11న నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. అదే రోజు మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట జిల్లా అయింది. పాత జస్ట్‌డయల్ లిస్టింగులో మహబూబ్‌నగర్ జిల్లా, వెబ్‌సైట్‌లో గద్వాల, ఫేస్‌బుక్ పేజీలో మూడేళ్ల కిందటి ఫోన్ నంబరు ఉంటే ఇవన్నీ ఒకే షాపువని గుర్తుపట్టడం గూగుల్‌కు కష్టమవుతుంది. కస్టమర్ పాత నంబరుకు ఫోన్ చేసి వదిలేస్తాడు.

పేరు, అడ్రసు, ఫోన్ ఈ మూడూ ఒక కాగితం మీద ఖరారు చేసుకుని అన్నిచోట్లా అదే పెట్టండి. షాపు వేరే వీధికి మారితే కొత్త ప్రొఫైల్ తెరవొద్దు. పాతదానిలోనే అడ్రసు మార్చండి, రివ్యూలు మీతోనే ఉంటాయి.

సైట్ పెట్టి రెండు నెలలైంది. పేరు కొట్టినా రావట్లేదు.

గూగుల్ సెర్చ్‌లో ‘సైట్’ అని ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు (సైట్ అడ్రసు) రాయండి. ఒక్క పేజీ కూడా రాకపోతే సైట్ ఇంకా ఇండెక్స్‌లోకి, అంటే గూగుల్ ఫలితాలు తీసే పేజీల జాబితాలోకి, ఎక్కలేదన్నమాట.

వర్డ్‌ప్రెస్ సైటైతే మొదట అనుమానించాల్సింది ఒక టిక్‌ను. సెట్టింగ్స్‌లో రీడింగ్ తెరవండి. ‘సెర్చ్ ఇంజిన్లను ఇండెక్స్ చేయొద్దని కోరు’ అనే అర్థం వచ్చే గడి ఉంటుంది. డిజైనర్లు సైట్ తయారయ్యేదాకా దానికి టిక్ పెట్టి, అప్పగించేటప్పుడు తీయడం మర్చిపోతారు. అది తీసి సేవ్ చేయండి.

తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైట్‌ను చేర్చండి, ఇదీ ఉచితమే. డొమైన్ కొన్నచోట డీఎన్‌ఎస్ సెట్టింగుల్లో గూగుల్ ఇచ్చిన టెక్స్ట్ రికార్డు పెడితే సైట్ మీదేనని తేలుతుంది. సైట్‌మ్యాప్ (మీ సైట్‌లోని పేజీల లింకులన్నీ ఉండే ఫైలు) ఇవ్వండి. ముఖ్యమైన పేజీల లింకులు ఒక్కొక్కటీ పైనున్న గడిలో వేసి ‘రిక్వెస్ట్ ఇండెక్సింగ్’ నొక్కండి. ఒకసారి నొక్కితే చాలు, రోజూ నొక్కితే తొందరగా అవ్వదు. ‘క్రాల్ చేశాం, ఇండెక్స్ చేయలేదు’ అని వస్తే, అంటే గూగుల్ పేజీ చూసింది గానీ జాబితాలో చేర్చలేదంటే, సాంకేతిక లోపం కోసం వెతికే ముందు పేజీ చదవండి. నాలుగు వాక్యాలు, రెండు బొమ్మలు ఉన్న పేజీకి ఇది మామూలే.

అసలు పేజీలో ఏం రాయాలి?

కౌంటర్ దగ్గర, ఫోన్‌లో కస్టమర్ అడిగేవన్నీ రాయాలి. ఇంతకంటే మంచి కీవర్డ్ రీసెర్చ్ (జనం ఏ మాటలతో వెతుకుతారో తెలుసుకోవడం) చిన్న వ్యాపారికి లేదు. వారం రోజులు కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టి వచ్చిన ప్రతి ప్రశ్నా వాళ్ల మాటల్లోనే రాసుకోండి.

మోటర్ వైండింగ్ షాపునే తీసుకుందాం. చాలా సైట్లలో ఉండే వాక్యం ఇది: ‘నాణ్యమైన సేవలు అందించుటలో మాకు మేమే సాటి’. ఈ వాక్యాన్ని ఎవరూ వెతకరు. రైతు వెతికేది వేరు. 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ వైండింగ్‌కు ఎంత అవుతుంది? ఎన్ని రోజులు? రాగి తీగ వేస్తారా, అల్యూమినియమా? బోరులో నుంచి మోటర్ మీరే తీస్తారా, మేము తీసి తేవాలా? మళ్లీ కాలితే గ్యారంటీ ఉందా? పేజీలో ఈ ప్రశ్నలకు ఒక్కోదానికి చిన్న హెడ్డింగ్, కింద సూటి జవాబు పెట్టండి. 3, 5, 7.5, 10 హెచ్‌పీలకు వేరువేరుగా ధరల రేంజ్ రాయండి. పోటీ షాపువాడు చూస్తాడని ధర దాచేవాళ్లే ఎక్కువ. కానీ వాడికి మీ ధర ఇప్పటికే తెలుసు, తెలియనిది కస్టమర్‌కే.

దాంతోపాటు మోటర్ ఎందుకు కాలుతుందో రాయండి. లో వోల్టేజీ, మూడు ఫేజుల్లో ఒకటి పోవడం, బోరులో నీళ్లు తగ్గి ఒట్టిగా తిరగడం, స్టార్టర్‌లో రిలే సెట్టింగు తప్పుగా ఉండటం. ఒక్కో కారణానికి గుర్తు ఏంటి, మళ్లీ కాలకుండా ఏం చేయాలి అని పది లైన్లు చాలు. ఇది మీకు చేతిలో పని, మరొకరు కూర్చుని ఊహించి రాయలేరు. ఇలాంటి పేజీయే ఎండాకాలంలో బోర్లు ఎండే రోజుల్లో మీకు ఫోన్లు తెస్తుంది. అందుకే సంక్రాంతి లోపే పెట్టేయండి. ఏప్రిల్‌లో రాసిన పేజీ ఆ సీజన్‌కు అందకపోవచ్చు.

మాటల విషయంలో ఇక్కడివాళ్లు అనేదే రాయండి. టెంట్ హౌస్ సామాను ‘అద్దెకు’ అని రాసి వదిలేస్తుంటారు, కానీ మనవాళ్లు ‘కిరాయికి’ అంటారు. రెండూ ఒకే పేజీలో సహజంగా వచ్చేలా చూడండి. అట్లాగే నల్గొండ, నల్లగొండ, మహబూబ్‌నగర్, పాలమూరు, మిర్యాలగూడ, మిర్యాలగూడెం. వరసగా పేర్చొద్దు, వాక్యంలో ఇమిడిపోవాలి.

తెలుగులో పెట్టాలా, ఇంగ్లీషులోనా?

కస్టమర్‌ను బట్టి. రైతులు, ఇళ్లవాళ్లు కస్టమర్లయితే తెలుగు పేజీ తప్పనిసరి. మైకు నొక్కి తెలుగులో అడిగేవాళ్లు చాలామంది. మిర్యాలగూడ రైస్ మిల్లు బయటి రాష్ట్రాల వ్యాపారులకు అమ్ముతుంటే ఇంగ్లీషు ముందు. రెండూ కావాలంటే రెండు వేరు పేజీలు చేసి, హెచ్‌రెఫ్‌లాంగ్ ట్యాగుతో ఇవి ఒకదానికొకటి జతని చెప్పండి. ఒకే పేజీలో పేరా తెలుగు, పేరా ఇంగ్లీషు కలపొద్దు.

తెలుగు సైట్లలో మనదగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు ఫాంటు. పాంప్లెట్ డిజైన్ చేసే డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లు వాడతారు. అవి యూనికోడ్ (ఫోన్లూ, గూగుల్ చదవగలిగే ప్రామాణిక అక్షరాలు) కావు. ఆ ఫైలు నుంచి కాపీ చేసి వెబ్‌సైట్‌లో వేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. అందుకని పాంప్లెట్‌నే బొమ్మగా పెట్టేస్తారు. మనిషికి అందులో ధరలు, ఫోన్ నంబరు కనిపిస్తాయి గానీ గూగుల్ దాన్ని పేజీలోని రాతగా లెక్కపెట్టదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లున్నాయి. మార్చాక ఒత్తులు, సున్నాలు, అంకెలు ఒక్కొక్కటీ చదివి సరిచూడండి. ఎక్కువగా తప్పేది అక్కడే. చిన్న పేజీ అయితే ఫోన్‌లో మళ్లీ టైప్ చేయడమే తొందర.

పేజీ లింకు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, చిన్నగా ఉండనివ్వండి. తెలుగు లింకును గూగుల్ చదవగలదు, ర్యాంకుకు అడ్డం కాదు. కానీ వాట్సాప్‌లో పంపితే ఒక్కో తెలుగు గుర్తు తొమ్మిది అక్షరాలుగా విడిపోతుంది. ‘నల్గొండ’ అనే ఒక్క మాట 63 అక్షరాల చాంతాడు అవుతుంది. చూసినవాళ్లు ఏదో మోసం లింకనుకుని నొక్కరు.

టైటిల్ ఎట్లా రాయాలి?

టైటిల్ అంటే గూగుల్ ఫలితాల్లో నొక్కే హెడ్డింగ్. పని, ఊరు, షాపు పేరు, ఈ వరసలో రాయండి. ‘హోమ్’ అనో ‘వెల్‌కమ్’ అనో వదలొద్దు. ఇంగ్లీషులో సుమారు 55 అక్షరాలు దాటితే చివర తెగిపోవచ్చు. తెలుగు అక్షరాలు వెడల్పు ఎక్కువ కాబట్టి ఇంకా ముందే తెగుతుంది. ముఖ్యమైన మాట మొదట్లోనే ఉండాలి. ప్రతి పేజీకి టైటిల్ వేరుగా ఉండాలి.

మెటా డిస్క్రిప్షన్ (ఫలితాల్లో టైటిల్ కింద కనిపించే చిన్న వివరణ) ర్యాంకు పెంచదు, చూసినవాళ్లు నొక్కడానికి పనికొస్తుంది. కీవర్డ్స్ ట్యాగును ర్యాంకు కోసం తాను చూడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. దానికోసం డబ్బు అడిగితే ఇవ్వొద్దు.

ఒక్కో మండలానికి ఒక్కో పేజీ చేయిస్తామంటున్నారు. మంచిదేనా?

ఊరి పేరు మాత్రమే మార్చి ‘బోర్‌వెల్ దేవరకొండ’, ‘బోర్‌వెల్ హాలియా’, ‘బోర్‌వెల్ మునుగోడు’ అని నలభై పేజీలు వేయడం గూగుల్ స్పామ్ నియమాలకు విరుద్ధం. వాటిని డోర్‌వే పేజీలంటారు. అవి పైకి రాకపోగా సైట్ మొత్తాన్నీ కిందికి లాగొచ్చు.

ఒక ఊరి గురించి చెప్పడానికి నిజంగా వేరే విషయం ఉంటే పేజీ చేయండి. అక్కడ వేసిన బోర్ల ఫొటోలు, ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయి, రాయి ఎట్లా ఉంది, బండి వెళ్లడానికి కిరాయి ఎంత. అంత సమాచారం నాలుగు ఊళ్లకే ఉంటే నాలుగు పేజీలే చాలు. మిగతా ఊళ్ల పేర్లు ‘ఎక్కడెక్కడికి వస్తాం’ అని ఒక పేరాలో రాయండి.

ఏఐతో రోజుకు పది ఆర్టికల్స్ వేయించడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. 2024 మార్చి నుంచి గూగుల్ దీన్ని స్పామ్ నియమాల్లో చేర్చింది. భాష సరిదిద్దుకోవడానికి ఏఐ వాడుకోవచ్చు. ధర, కొలత, అనుభవం మీవే కావాలి.

గద్వాల, నారాయణపేట చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. చీర అమ్ముడుపోగానే పేజీ తీసేస్తున్నాం. సరైనదేనా?

చేనేతలో డిజైన్‌కు ఒకటో రెండో చీరలే ఉంటాయి కాబట్టి ఈ సమస్య మీకే వస్తుంది. పేజీ తీసేసిన ప్రతిసారీ దానికి వచ్చిన పేరు పోతుంది. పాత లింకు నొక్కినవాళ్లకు ‘పేజీ లేదు’ అని వస్తుంది. ఒక్కో చీర పేజీ మీద కాకుండా ‘గద్వాల కాటన్, పట్టు అంచు’, ‘నారాయణపేట కాటన్’ లాంటి రకం పేజీల మీద శ్రమ పెట్టండి. అవి ఎప్పటికీ ఉంటాయి, చీరలు మారుతుంటాయి. అదే డిజైన్ మళ్లీ నేయించేదైతే పేజీ ఉంచి ‘స్టాక్ లేదు, ఆర్డర్ మీద ఇన్ని వారాల్లో’ అని రాయండి. మళ్లీ రానిదైతే ఆ రకం పేజీకి 301 రీడైరెక్ట్ (పాత లింకు నొక్కినవాళ్లను శాశ్వతంగా వేరే పేజీకి పంపే ఏర్పాటు) ఇవ్వండి.

రకం పేజీలో చీర పొడవు ఎన్ని మీటర్లు, బ్లౌజ్ ముక్క కలిసిందా విడిగానా, జరీ ప్యూరా టెస్టెడా, అంచు ఎన్ని అంగుళాలు, ఉతకడం ఎట్లా, రంగు ఫొటోకు ఎంత దగ్గరగా ఉంటుంది అనేవి రాయండి. అంచు, కొంగు, చీర వెనకవైపు దగ్గరగా తీసిన ఫొటోలు పెట్టండి. చేనేతదా పవర్‌లూమ్‌దా అని అనుమానపడే కస్టమర్ ముందు చూసేది వెనకవైపే.

సైట్ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోంది.

చాలా సైట్లలో కారణం ఫొటోలే. ఫోన్‌తో తీసిన ఫొటో 4, 5 ఎంబీ ఉంటుంది. దాన్ని 1200 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి, వెబ్‌పీ ఫార్మాట్‌లో 150 కేబీ దగ్గరికి తెచ్చి ఎక్కించండి. హోమ్ పేజీలో తిరిగే స్లైడర్ తీసేయండి, మూడో బొమ్మ దాకా ఎవరూ ఆగరు.

పేజీలో పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మొబైల్ ట్యాబ్ చూడండి, ఎందుకంటే గూగుల్ సైట్‌ను మొబైల్ రూపంలోనే చదువుతుంది. అక్కడ వందకు వంద రావాల్సిన పనిలేదు. ఊళ్లో బలహీనమైన సిగ్నల్ మీద తెరిచి, ఫోన్ నంబరు ఎన్ని క్షణాల్లో కనిపించిందో చూడటం మంచి పరీక్ష.

ఫోన్ నంబరు నొక్కగానే డయల్ అవ్వాలి. వాట్సాప్ లింకులో నంబరు ముందు 91 ఉండాలి. ప్లస్ గుర్తు, ముందు సున్నా, మధ్యలో ఖాళీలు ఉండకూడదు. లింకు పనిచేయట్లేదనే ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ దీనివల్లే.

రివ్యూలు ఎట్లా పెంచుకోవాలి?

పని అయిపోయి కస్టమర్ సంతోషంగా ఉన్న ఆ నిమిషంలోనే అడగాలి. ప్రొఫైల్‌లో రివ్యూ లింకు, క్యూఆర్ కోడ్ దొరుకుతాయి, బిల్లు మీద అచ్చు వేయించండి. ‘ఏ పని చేయించుకున్నారో రాయండి అన్నా’ అని చెప్పండి. ఒట్టి ఐదు స్టార్ల కంటే ‘7.5 మోటర్ రెండు రోజుల్లో ఇచ్చారు’ అన్న మాట చదివేవాళ్లకు ఎక్కువ నమ్మకం.

రివ్యూకు డిస్కౌంటు ఇవ్వడం, బాగా రాస్తారనుకున్నవాళ్లనే ఏరి అడగడం, డబ్బిచ్చి వేయించడం నియమాలకు విరుద్ధం. చెడ్డ రివ్యూను మీరు తీయలేరు. నియమాలు దాటితేనే రిపోర్ట్ చేయొచ్చు. నిజమైన ఫిర్యాదైతే ఏం జరిగింది, ఏం చేశారు అని రెండు లైన్లలో మర్యాదగా జవాబు రాయండి. ఆ జవాబును తర్వాత వచ్చే కస్టమర్లందరూ చదువుతారు.

‘నెలలో నంబర్ వన్ గ్యారంటీ, వెయ్యి బ్యాక్‌లింకులు’ అంటున్నారు. తీసుకోవచ్చా?

వద్దు. మొదటి స్థానం గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. బ్యాక్‌లింకులంటే వేరే సైట్ల నుంచి మీ సైట్‌కు వచ్చే లింకులు. ర్యాంకు కోసం వాటిని కొనడం నియమ విరుద్ధం. మీకు పనికొచ్చే లింకులు మీ పరిచయాల్లోనే ఉన్నాయి. మీరు డీలర్‌షిప్ తీసుకున్న కంపెనీ డీలర్ల పేజీ, మీ వ్యాపార సంఘం సైట్, మీరు సామాను ఇచ్చే ఫంక్షన్ హాల్ సైట్, స్థానిక వార్తల సైట్. ఇలాంటివి ఐదారు చాలు. గూగుల్‌లో యాడ్స్ వేస్తే మామూలు ఫలితాల్లో ర్యాంకు పెరుగుతుందన్నదీ నిజం కాదు.

పని ఎవరికి అప్పగించినా డొమైన్, హోస్టింగ్, సెర్చ్ కన్సోల్, బిజినెస్ ప్రొఫైల్ నాలుగూ మీ పేరున, మీ ఈమెయిల్, మీ ఫోన్ నంబరు మీద ఉండాలి. వాళ్లకు మేనేజర్ యాక్సెస్ ఇవ్వండి. డిజైనర్ పేరున డొమైన్ ఉండి, అతను ఫోన్ ఎత్తకపోయినా రెన్యువల్ మర్చిపోయినా ఏళ్ల శ్రమ పోతుంది.

కొత్త డిజైన్ చేయించాక విజిటర్లు సగానికి పడిపోయారు.

లింకులు మారి ఉంటాయి. పాత లింకుల పట్టిక సెర్చ్ కన్సోల్ నుంచి తీసి, ఒక్కోదాన్ని దానికి సరిపోయే కొత్త పేజీకి 301 రీడైరెక్ట్ చేయించండి. అన్నిటినీ హోమ్ పేజీకి తోలితే లాభం లేదు. ఆ రీడైరెక్టులు కనీసం ఏడాది ఉంచాలి. ఆ పాత రీడింగ్ సెట్టింగు టిక్ మళ్లీ పడిందేమో కూడా చూడండి.

ఫలితం ఎన్నాళ్లకు? ఎట్లా తెలుస్తుంది?

ప్రొఫైల్ సరిచేస్తే కొన్ని వారాల్లోనే తేడా తెలియొచ్చు. వెబ్‌సైట్‌కు మామూలుగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగుల్ అంటుంది.

నెలకోసారి సెర్చ్ కన్సోల్‌లో పర్ఫార్మెన్స్ తెరిచి క్వెరీల (జనం వెతికిన మాటల) జాబితా చూడండి. ఎక్కువసార్లు కనిపించి తక్కువసార్లు నొక్కినవాటికి టైటిల్ మార్చి చూడండి. సగటు స్థానం 8 నుంచి 15 మధ్య ఉన్న మాటలకు ఆ పేజీలో జవాబు ఇంకా వివరంగా రాయండి, ఇతర పేజీల నుంచి దానికి లింకు ఇవ్వండి. మీరు ఊహించని మాటతో వస్తుంటే దానికి కొత్త పేజీ కావాలేమో ఆలోచించండి. సీజన్ వ్యాపారాలు ఈ మే నెలను పోయిన మేతో పోల్చాలి, ఏప్రిల్‌తో కాదు. సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్కలే దాచి ఉంచుతుంది కాబట్టి ఏడాదికోసారి డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. వీటి పక్కన ఇంకో లెక్క రాయండి: ఫోన్ చేసిన ప్రతి కొత్త కస్టమర్‌ను ‘మా నంబరు ఎక్కడ దొరికింది?’ అని అడిగి, బిల్లు బుక్కులో ఒక మూల గీత పెట్టుకోండి.